పనికి తగిన పటము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యార్థి వసతిగృహమును గూర్చియు, విద్యానిధిని గూర్చియు, యువజనుల యుద్యోగములను గూర్చియు పెద్దలు ప్రసంగించి యున్నారు. అట్టి ఘనమైన విషయముల నడుమ నాకు నియమింపబడిన విషయము మిక్కిలి స్వల్పముగ దోచవచ్చును. మనము చేయు ఉద్యోగములకును, పూనుకొనిన సేవాకార్యములకును తగిన ఫోటోను ఎట్లు ఎంచుకొనవలెను? ఇదియే నా విషయము. ముఖమునకు మెఱుగు పెట్టుకొను ముచ్చటకు మహాసభలో తావెందులకని కొందఱు నవ్వుకొనవచ్చును. వారిని నేనొక్కటి వేడుచున్నాను. ఏ సంఘమువారి ప్రత్యేక సంచికనైనను చేతికి దీసికొని పటముల పుటలను ద్రిప్పి చూడుడు. ఒకరు పెండ్లినాటి తలపాగతో నుందురు. ఒకరి భుజముమీద పటములోలేని మఱియొకరి చేయి కనిపించును. పదిమందితో దీయించుకొన్న చిత్రమునుండి కత్తిరించి తెచ్చిన దన్నమాట. కార్యదర్శిగారి తల సంచికలో నల్లగను, సభలో తెల్లగను నుండును. యువవైద్యుడొకడు మైపాడు సముద్రతీరమున నల్లకళ్లద్దములతో నిలిచియుండును. స్త్రీసభ్యురాలి పేరు మాత్రముండి పటముండవలసిన చోటు ఖాళీగ నుండును. కానిచో ఆమె భర్తగారి పటముండును.

అట్టి సంచికను చేతబట్టుకొని సహాయముగోరి వచ్చిన పేదవిద్యార్థి, సభామండపమున ఎవరిని సమీపింపవలెనో తెలియక దిక్కులు చూచును. అంత వ్యయముచేసి అచ్చువేయించుకొన్న పటము వాని కక్కఱకు రాలేదు. కావున ఇది సొగసునకు సంబంధించిన విషయము కాదు. ఒకరికొకరము అక్కఱకు వచ్చుటకు సంబంధించిన విషయము.

మన తాతముత్తాతలకు జీవితములో ఒకటి రెండు పటములకంటె నుండెడివి కావు. పెండ్లినాడో, తిరుమల యాత్ర ముగించుకొని వచ్చిననాడో, షష్టిపూర్తినాడో దీయించుకొన్న ఆ పటము నడవలో గోడకు వ్రేలాడెడిది. దానిని చూచువారందఱును వారి నెఱిగినవారే. పటము మసకబాఱినను, కన్నులు మూతపడినను, "మా తాతగారు" అని మనుమడు గుర్తుపట్టెడివాడు. నేడు మనిషికంటె ముందుగ పటము ప్రయాణము చేయుచున్నది. కావలి మొదలుకొని పులికాట్ సరస్సు వరకు గల మన తీరపు యువకులు కృష్ణపట్నపు ఓడరేవునకును, రొయ్యల చెఱువుల సాంకేతికోద్యోగములకును, చెన్నపట్టణపు కర్మాగారములకును, హైదరాబాదు, బెంగుళూరు కంప్యూటరు సంస్థలకును, గల్ఫు దేశములకును, అమెరికాకును దరఖాస్తులు పంపుచున్నారు. అచ్చట ఆ పటమును చూచువారిలో ఒక్కరును మనలను ఎఱిగినవారు కారు.

ఎఱిగినవాని చూపునకును ఎఱుగనివాని చూపునకును గల భేదము ఎంతటిదో పరిశోధకులు కనుగొనియున్నారు. 2011వ సంవత్సరమున రాబ్ జెంకిన్స్ మొదలగువారు ఒక పరీక్షను ప్రకటించిరి. హాలెండు దేశమున ప్రసిద్ధలైన యిద్దఱు స్త్రీల పటములు ఒక్కొక్కరివి ఇరువది చొప్పున, మొత్తము నలువదింటిని కలిపి, వారి నెఱుగని బ్రిటిషువారి చేతికిచ్చి, "ఒక్కొక్క మనిషి పటములను ఒక్కొక్క కుప్పగ పెట్టుడు" అనిరి. వారు సగటున ఏడెనిమిది కుప్పలు పెట్టిరి. ఇద్దఱే యని వారికి దోచలేదు. ఆ స్త్రీలను ఎఱిగిన హాలెండువారో, అవే పటములను సునాయాసముగ రెండు కుప్పలు చేసిరి. మఱియొక పరీక్షయందు, 2006లో, ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు విల్లిస్, తొడొరోవ్ అనువారు, సెకనులో పదవవంతు కాలము ఒక ముఖమును చూచినంతనే చూపరి "ఇతడు నమ్మదగినవాడు, ఇతడు సమర్థుడు" అని మనసున ఒక యభిప్రాయమును ఏర్పఱచుకొనునని చూపిరి. ఆ యభిప్రాయము సత్యమని వారు చెప్పలేదు. అది కలుగుట మాత్రము తప్పదని చెప్పిరి.

కావున పటమును ఎంచుకొనునప్పుడు "ఇందులో నేను బాగున్నానా?" యని అద్దమును అడిగినట్లు అడుగుట చాలదు. "ఈ పటమును ఎవరు చూతురు? చూచి వారు ఏమి నిశ్చయించుకొనవలసియున్నది?" అని అడుగవలెను. నేను ఈ దినమున మనవి చేయునదంతయు ఈ రెండు ప్రశ్నలలో ఇమిడియున్నది.

ఫోటోకు పుట్టుకనుండియు రెండు శాఖలున్నవి. 1839లో ఫ్రాన్సున డాగేరు పద్ధతి లోకమునకు వెల్లడియయ్యెను. 1854లో డిస్డేరి యను పారిస్ ఛాయాగ్రాహకుడు ఒక్క పలకపైనే పెక్కు చిన్న పటములను దీయు విధమునకు పేటెంటు పొందెను. చీటియంత పరిమాణముగల ఆ పటములను జనులు మిత్రులకు పంచుకొనుచుండిరి. ఇది పరిచయపు పటము. 1880వ దశకమున అదే నగరపు పోలీసుశాఖలో బెర్టిలాన్ అనునతడు నేరస్థుల ముఖములను ఎదుటినుండి యొకటి, ప్రక్కనుండి యొకటి దీయించి శరీరపు కొలతలతో జతపఱచెను. ఇది గుర్తింపు పటము. మొదటి ప్రపంచయుద్ధకాలమున పాస్‌పోర్టులకు ఫోటోను అంటించుట దేశదేశములందు నియమమయ్యెను. పరిచయపు పటము స్నేహితునికొఱకు పుట్టినది. గుర్తింపు పటము అధికారికొఱకు పుట్టినది. ఒకదానిచోట మఱియొకదానిని వాడుటయే మన చిక్కులలో పెక్కింటికి మూలము.

మొదట గుర్తింపు పటమును గూర్చి చెప్పెదను. ఇందు అందమునకు పనిలేదు. పటములోని ముఖమును, ఎదుటనున్న ముఖమును అధికారి ఒక్కటియని నిశ్చయించుకొనుటయే దీని ప్రయోజనము. 2008వ సంవత్సరము నవంబరు 26వ తేదీన సముద్రమార్గమున వచ్చినవారు ముంబయి నగరముపై దాడి చేసినపిదప, 2009లో కేంద్రప్రభుత్వము సముద్రమత్స్యకారులకు బయోమెట్రిక్ గుర్తింపుకార్డుల పథకమును ప్రారంభించెను. నడిసముద్రమున తీరరక్షకదళమువారు పడవను ఆపినప్పుడు మత్స్యకారునికి సాక్ష్యము చెప్పువాడు ఎవడు? ఊరి కాపు లేడు, పంచాయతీ లేదు. ఆ కార్డుమీది ముఖము ఒక్కటే. నున్నగ గడ్డము గీయించుకొని, పౌడరు అద్దుకొని దీయించిన పటము, పదునైదు దినములు ఎండలో, ఉప్పుగాలిలో పనిచేసిన ముఖమునకు సాక్ష్యము చెప్పజాలదు. గుర్తింపు పటమునకు కూర్చుండునప్పుడు నిత్యము పనిలో ఎట్లుందుమో అట్లే యుండవలెను. మీసముండెడివాడు మీసముతో నుండవలెను. ముఖము తిన్నగ, నొసలును చెవులును కనబడునట్లు, కన్నులు తెఱచి, పెదవులు మూసి యుండుట మేలు.

విదేశములకు పోవువారు ఆయా దేశముల నియమములను ముందుగ చదువుకొనవలెను. అమెరికా వీసాకు రెండంగుళముల చతురస్రపు పటము కావలెను. అది ఆఱునెలలలోపల దీసినదై, వెనుకభాగము తెల్లగ నుండవలెను. 2016వ సంవత్సరము నవంబరు 1వ తేదీనుండి అందు కళ్లద్దములు ధరింపరాదను నియమము వచ్చినది. వెనుక తెలుపు ఉండగా తెల్లచొక్కా ధరించినచో భుజములు గోడలో కలిసిపోయి తల మాత్రము తేలుచున్నట్లుండును. కావున ముదురురంగు బట్ట మేలు. మన దేశమున పాస్‌పోర్టు సేవాకేంద్రములందు ఫోటోను అచ్చటనే తీయుదురు. కేంద్రప్రభుత్వపు స్టాఫ్ సెలెక్షన్ కమిషనువారు 2024లో, దరఖాస్తు నింపుచున్న సమయముననే కెమేరాయెదుట అభ్యర్థి ముఖమును తీయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. అట్టిచోట్ల పాత పటము చెల్లదు. దరఖాస్తు పంపుటకు కూర్చుండు గదిలో వెలుతురు ఎటనుండి వచ్చుచున్నదో చూచుకొనుటయు నేడు పరీక్షలో నొక భాగమైనది.

ఇక పరిచయపు పటము. ఇది పని యిచ్చువారికొఱకును, మనవద్దకు పనిమీద వచ్చువారికొఱకును ఉద్దేశింపబడినది. లింక్‌డిన్ వంటి చోట్లను, ఆసుపత్రిద్వారమున వైద్యుల పేర్లపట్టికయందును, కళాశాలవారి పుస్తకమునందును ఉండు పటమిది. ఇందు ముఖము పటములో సగమునకు మించి యుండవలెను; చూపు చూపరివైపునకే యుండవలెను; ధరించిన బట్ట ఆ పనికి దినమును వేసికొని పోవు బట్టలలో మంచిదై యుండవలెను. రొయ్యల చెఱువుగట్టున పనిచేయు సాంకేతికునికి కోటును కంఠపాశమును అక్కఱలేదు. ఇస్త్రీచేసిన చొక్కా చాలును. ఆతని నియమించుకొను రైతు, కోటును చూచి "ఇతడు బురదలో దిగునా?" యని సందేహించును. పెద్దసంస్థలో లెక్కలు వ్రాయుటకు పోవువానికి కోటు తగియుండవచ్చును. కాని అది తనదై, తన భుజములకు సరిపోయినదై యుండవలెను. స్టూడియోలో పదిమంది తొడిగి విడిచిన కోటు పటములో దాగదు.

న్యాయవాదుల విషయమున ఒక్కమాట. నల్లకోటును తెల్లపట్టీలును న్యాయస్థానపు వేషము. న్యాయస్థానమునకు వెలుపల, ఉత్సవసందర్భములందు దప్ప, బహిరంగస్థలములలో పట్టీలను గౌనును ధరింపరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమములు చెప్పుచున్నవి. న్యాయవాది తన వృత్తిని ప్రకటించుకొనుటకూడ ఆ నియమములచే నిషిద్ధము. వీథి కూడలిలోని ఫ్లెక్సీకి ఆ పటమునే పంపు మన యువన్యాయవాదులు దీనిని గమనింతురుగాక. మఱియు అమెరికా, ఇంగ్లండు దేశములలో ఉద్యోగమునకు దరఖాస్తు చేయునప్పుడు ముఖమును చూచి పక్షపాతము కలుగునను భయముచేత ఫోటోను జతపఱుపకుండుటయే అచ్చటి ఆచారము. తగిన పటము లేకుండుటయే తగియుండు సందర్భములును గలవని దీనివలన తెలియుచున్నది.

మూడవది సేవకుల పటము. దీనిని మనవారు అసలు పటముగనే యెంచరు. ఉద్యోగపు పటమునే ఇచ్చివేయుదురు. కాని చూచువాడు వేఱు. 1927వ సంవత్సరము నవంబరులో నెల్లూరు తీరమును తాకిన తుపానును పెద్దలవలన వినియున్నాము. 1989వ సంవత్సరము నవంబరులో కావలివద్ద తీరము దాటిన పెనుగాలిని కన్నులార చూచినవారు ఈ సభలో పెక్కుమంది యున్నారు. అట్టి రాత్రి ఒక యువకుడు వచ్చి తలుపు తట్టి, "అవ్వా, ఇల్లు విడిచి ఆశ్రయభవనమునకు రమ్ము" అని పిలిచినచో, ఆ యవ్వ వానిని నమ్మవలెను. పంచాయతీ కార్యాలయపు గోడమీద వాని పటమును ఆమె అంతకుముందే చూచియుండవలెను. ఆ పటమున వాడు తుపానునాడు ధరింపబోవు చొక్కాతో, టోపీ నుదుటికి పైగ నెట్టి, ముఖమంతయు కనబడునట్లుండవలెను. అది కోటుతోగూడిన పటమైనచో తడిసిన చొక్కాతో వచ్చినవానిని ఆమె గుర్తుపట్టజాలదు.

రక్తదానశిబిరములను నడుపువాని పటమున భయమును పోగొట్టు చిఱునవ్వుండవలెను. వసతిగృహపు పర్యవేక్షకుని పటమును తమ బిడ్డను మొదటిసారి దూరముగ విడిచిపోవు తల్లి చూచును. అందు కరుణ యుండవలెను. కోశాధికారి పటము సాదాగ నుండవలెను. పెండ్లినాటి బంగారుగొలుసు ఆ పటములో మెఱసినచో చందా ఇచ్చువాడు మొదట గొలుసునే చూచును.

ఒకే మనుష్యునికి ఇన్ని పటములేల, ఇది బహురూపుల వేషము కాదా యని ప్రశ్నింపవచ్చును. మన తీరపు దాపుననే దీనికి సమాధానమున్నది. పెన్న యొడ్డున ఇందుకూరుపేట ప్రాంతమందలి పల్లిపాడులో 1921వ సంవత్సరము ఏప్రిలు 7వ తేదీన పినాకినీ సత్యాగ్రహాశ్రమమును మహాత్మాగాంధి ప్రారంభించెను. జోహాన్నెస్‌బర్గులో న్యాయవాదియై యుండిన కాలపు పటములందు ఆయన కోటుతోను, గట్టికాలరుతోను, కంఠపాశముతోను కనబడును. దక్షిణాఫ్రికా సత్యాగ్రహపు చివరినాళ్ల పటములందు తెల్లని సాదాబట్టలతో కనబడును. పల్లిపాడునకు వచ్చిన సంవత్సరముననే, సెప్టెంబరు 22వ తేదీన, మధురలో కొల్లాయిగుడ్డ ధరించెను. ఈ పటములలో ఏదియును వేషము కాదు. ఆయా దినములలో ఆయన ఎవరికొఱకు పనిచేయుచుండెనో వారి యెదుట నిలువదగిన రీతిగ నిలిచెను. బ్రదుకు మాఱినది; పటము దాని వెంట నడచినది. మనవారిలో కొందఱు పటమును ముందు మార్చి, బ్రదుకు దాని వెంట రాగలదని వేచియుందురు. భేదమంతయు అందున్నది.

ఇప్పుడు మనసునకు కష్టము కలిగించు విషయమును ప్రస్తావింపక తప్పదు. సముద్రపుటొడ్డున పుట్టి ఎండలో పనిచేయు మనవారిలో పెక్కుమంది నల్లనివారు. స్టూడియోకు పోయిన పిల్లవాని ముఖమును తెల్లగ చేసి యిచ్చుట ఒక మర్యాదగ నెలకొన్నది. అడుగకయే చేయుదురు, చేయనిచో తల్లిదండ్రులే యడుగుదురు. దీనికి మూలము కొంతవఱకు యంత్రములోనే యున్నది. కెమేరా తన యెదుటి దృశ్యము సగటున నడితరపు బూడిదవన్నెలో నుండునని యెంచి వెలుతురును కొలుచును. వెనుక తెల్లగోడ విశేషముగ నున్నచో, దృశ్యమంతయు మితిమించి ప్రకాశవంతముగ నున్నదని భ్రమించి, మొత్తమును చీకటి చేయును. అప్పుడు నల్లని ముఖమున కన్నుముక్కుతీరు మాసిపోవును. నేటి సెల్‌ఫోనులు ముఖమును గుర్తించి కొంత సవరించుకొనగలవు. అయినను వెలుతురు చాలనిచోట దోషము మిగులును. వెనుకటి ఫిలిముల విషయమున అన్యాయము మఱింత స్పష్టము. రంగులు సరిచూచుకొనుటకై కొడాక్ సంస్థ పంపెడి ప్రమాణపటములందు చాలకాలము తెల్లజాతి స్త్రీ ముఖమే యుండెడిది. వేఱువేఱు వన్నెల ముఖములు గలవి 1990వ దశకమున గాని రాలేదు.

కాబట్టి పటము చెడినది పిల్లవాని వన్నెవలన కాదు, వెలుతురు చాలకపోవుటవలన. దానికి మందు తెల్లపూత కాదు, మఱికొంత వెలుతురు. గోడనుండి మూడు నాలుగు అడుగులు ముందునకు వచ్చి కూర్చుండవలెను. కిటికీవెలుతురు ముఖముమీద ప్రక్కగ, మెత్తగ పడునట్లు చూచుకొనవలెను. రెండవప్రక్క ఒక తెల్లపంచెను పట్టినచో నీడ తేలికపడును. మధ్యాహ్నపుటెండలో నిలిచినచో కన్నులగుంటలలో నీడలు పడును. ఉదయము, సాయంకాలము మేలు. ఛాయాగ్రాహకుడు కొలతను గోడమీద గాక ముఖముమీద దీసికొనవలెను. ఇట్లు దీసిన నల్లని ముఖము కృష్ణశిలావిగ్రహమువలె తీరుగ, కాంతిగ నుండును. తెల్లచేసిన పటముతో పోయిన యభ్యర్థిని చూచి "ఇది నీ పటమేనా?" యని అధికారి యడిగినపుడు వాడు తలవంచుకొనవలసి వచ్చును. చేయని తప్పునకు బిడ్డచేత తలవంపించుటకు మనమేల వ్యయము చేయవలెను?

ఇదే రీతిగ, కృత్రిమమేధతో లేనికోటును తొడిగి, లేనినవ్వును అతికించి, క్షణములో ముఖమును కల్పించు సాధనములు నేడు ప్రతి సెల్‌ఫోనులోను వచ్చియున్నవి. సంక్రాంతి శుభాకాంక్షలకు వినోదముగ వాడుకొనుడు. ఉద్యోగమునకు గాని, సంఘపుపనికి గాని వాడకుడు. నమ్మకము కలిగించుటకై ఇచ్చు పటము మొదటి చూపులోనే నమ్మకమును పోగొట్టరాదు.

స్త్రీల పటములను గూర్చి కొంచెము నిర్మొహమాటముగ చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాను. రాజా దీన్‌దయాళ్ అను ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకొఱకు, స్త్రీయే పటములు దీయునట్టి ప్రత్యేకపు స్టూడియోను నెలకొల్పెను. పరపురుషుడు చూడరాదని నియమమున్న కాలముననే స్త్రీ ముఖము చరిత్రలో నిలువదగినదని ఆనాటివారు ఎంచిరి. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగసవరణ స్త్రీలకు పంచాయతీలలో స్థానముల నిచ్చినది. మన రాష్ట్రమున సగము స్థానములు వారివే. అయినను కూడలిలోని ఫ్లెక్సీమీద సర్పంచిగారి పేరు చిన్న అక్షరములతోను, ఆమె భర్తగారి ముఖము పెద్దదిగను ఉండుట మన యెఱుగనిది కాదు. భార్యపేర భర్త యధికారము నడపు ఈ దురాచారమును పరిశీలించుటకై 2023లో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ ఒక సంఘమునే నియమింపవలసి వచ్చెను.

భర్త కొట్టినదనియో, పింఛను రాలేదనియో చెప్పుకొనుటకు వచ్చు స్త్రీ ఎవరి ముఖమును వెదకికొని వచ్చును? సర్పంచి ముఖమును. ఆ ముఖము గోడమీద లేనిచో పదవి యున్నను లేనట్లే. కావున మన సంఘపు మహిళాశాఖలో పదవి వహించిన ప్రతి సోదరికిని ఆమె పటమే యుండవలెను. ఆమె యెంచుకొన్న పటమే యుండవలెను. పట్టుచీరయా, నూలుచీరయా, తలలో పూలుండవలెనా యను తీర్పు ఆమెది. ఉపాధ్యాయినియై దినమును ఎట్లు తరగతికి పోవునో, నర్సుగ ఎట్లు ఆసుపత్రికి పోవునో అట్లే దీయించుకొనుట చాలును. మఱియొక జాగ్రత్త: ఉద్యోగముకొఱకు ఇచ్చిన కన్య పటమును ఆమె నడుగక వివాహవేదికల వాట్సాప్ కూటములలో పంచుట మర్యాద కాదు. ఒక పనికై యిచ్చిన పటమును వేఱొకపనికి వాడుట, విద్యానిధికై యిచ్చిన చందాను విందునకు వ్రయము చేయుట వంటిది.

ఇక ఎంచుకొనుటను గూర్చి. మన పటమును మనమే చక్కగ నెంచుకొందుమని యనుకొందుము. అది పొరపాటని 2017లో వైట్, సదర్లాండ్, బర్టన్ అను పరిశోధకులు చూపిరి. ఒకే మనిషి పటములు పండ్రెండింటిలోనుండి స్నేహమునకు, ఉద్యోగమునకు, ఇట్లు వేఱువేఱు ప్రయోజనములకు తగినదానిని ఆ మనిషియు ఎంచెను, ఎఱుగనివారును ఎంచిరి. ఎఱుగనివారు ఎంచినవే ఇతరులకు మేలైన యభిప్రాయమును కలిగించెను. అద్దములో దినమును చూచుకొను ముఖముమీది మమకారము మనలను మభ్యపెట్టును. తల్లిని అడిగినను ప్రయోజనము లేదు. ఆమెకు అన్నియు బాగుండును. కాబట్టి ఆఱేడు పటములు దీయించుకొని, ఆ పనితో సంబంధముగల వారిని, మనలను అంతగా ఎఱుగని వారిని ఇద్దఱు ముగ్గురిని అడుగుడు. "ఏది అందముగనున్నది?" అని అడుగకుడు. "ఈ పనికి వీనిలో ఎవరిని పిలుతువు?" అని అడుగుడు.

సెల్‌ఫోనుతో దీయువారికి ఇంకొక సూచన. చేయి చాచి తమను తాము దీసికొన్న పటమున ముక్కు పెద్దదగును. పండ్రెండంగుళముల దూరమునుండి దీసినపుడు, ఐదడుగుల దూరమునుండి దీసినదానికంటె ముక్కు వెడల్పు దాదాపు నూటికి ముప్పదివంతులు అధికముగ కనబడునని 2018లో ప్రకటింపబడిన యొక వైద్యపరిశోధన లెక్క కట్టినది. కావున ఫోనును తమ్మునికో చెల్లెలికో యిచ్చి, ఐదాఱడుగుల దూరమున, కంటియెత్తున పట్టి తీయుమనుడు. నెల్లూరు ట్రంకురోడ్డులోని స్టూడియోకు పోవుటకు బస్సుచార్జి లేని బిడ్డకుకూడ ఈ విద్య చాలును.

చివరకు ఈ మహాసభకు నాదొక మనవి. వచ్చుసంవత్సరపు మహాసభలో ఒక గదిని ఈ పనికి కేటాయింతుముగాక. కిటికీగల గది, ఒక బూడిదవన్నె తెర, ఒక పీట, పనియెఱిగిన ఛాయాగ్రాహకుడొకడు; ఇంతియే కావలసినది. పదవతరగతి దాటిన ప్రతి విద్యార్థికిని విద్యార్థినికిని ఒక గుర్తింపు పటమును, ఒక పరిచయపు పటమును ఉచితముగ దీసి యిత్తము. సేవాకార్యములకు పేరిచ్చినవారికి మూడవది దీయుదము. ముందుగ స్త్రీలకు, పిదప పడవలమీద పోవువారికి, పిదప తక్కినవారికి. ఏ ముఖమును తెల్లచేయరాదను నియమమును ద్వారమున వ్రాసి యుంతము. దీసిన పటములు ఎవరివి వారికే చెందవలెను. సంఘము వానిని ఎవరికిని పంచరాదు.

దీనికి వ్యయమెట్లందురా? పోషకులైన పెద్దలను వినయముతో వేడుచున్నాను. ప్రత్యేక సంచికలో తమ కేటాయించిన పూర్తిపుట పటమును తాము అఱపుటకు తగ్గించుకొనుడు. మిగిలిన అఱపుట సొమ్ముతో కొందఱు బిడ్డల పటములు సిద్ధమగును. తమ ముఖము కొంచెము చిన్నదగును. తమరు దానము చేసిన సంగతి మాత్రము ఆ బిడ్డలు దరఖాస్తు పంపినప్పుడెల్ల తలచుకొందురు. ఈ మనవిని తీర్మానముగ ప్రతిపాదించుటకు అధ్యక్షులవారి యనుజ్ఞను వేడుచున్నాను.